పిడివాదం

పద్దెనిమిది సీజన్లు ఆల్చిప్పలు తెరిచిన చెయ్యి ఇది.
చూపుడు వేలు పూర్తిగా చాచుకోదు,
చిటికెన వేలు తన దారి తనదే.
బ్లఫ్ రేవులో, మా షెడ్డులో
ఎవరి కత్తి వాళ్లదే, ఒకరిది ఒకరికి అచ్చిరాదు.
నా కత్తి పిడి నేనే చెక్కుకున్నాను మొదటి ఏడే,
బొబ్బలు చితికి ఉప్పునీళ్లు చురుక్కుమన్న వారంలోనే.

మరి బ్యాటు పిడి మాత్రం
అందరికీ ఒకేలా, చీపురు కర్రలా
గుండ్రంగా ఎందుకుండాలి?
పిడికిలి పుట్టాకే కదా పిడి పుట్టింది?
ఈ వాదం మా క్లబ్బులో ఎవరూ వినరు.

ఇన్వర్‌కార్గిల్‌లో ఓ స్కూలు పాతసామాన్లు అమ్మితే
నలభై డాలర్లకు తెచ్చాను దీన్ని.
అంచున చిన్న పగులు. చెక్క మంచిదే,
బంతి తగిలితే ఠంగుమనదు, ధప్పుమనదు,
మధ్యలో ఎక్కడో మోగుతుంది.
కానీ కుడిచేతిలో తిరిగిపోతోంది.
పోయిన శనివారం మూడుసార్లు మొహం పక్కకు తిప్పుకుంది,
మూడోసారి బంతి తిన్నగా మిడాఫ్ చేతిలోకి.

"రోయిమాటా, కొత్త గ్రిప్పు వేసుకో, అదే పోతుంది" అంది మోరాగ్.
వేశాను. పోలేదు.

ఇవాళ దక్షిణపు గాలి. పడవలు కదల్లేదు.
వంటగది బల్ల మీద పాత పేపర్లు పరిచి
తడిసిన మేజోడు ఒలిచినట్టు రబ్బరు తొడుగు ఒలిచాను.
దాని కింద ఇంకోటి.
దాని కింద పసుపచ్చగా నిగిలిన ఇంకోటి.
ఎవరెవరి చెమటో. పేర్లు తెలీదు.
ఆ కింద పురికొస, జిగురుతో గట్టిపడి.
ఆల్చిప్పల కత్తితోనే అంచు లేపాను,
మూత ఎక్కడ పడిందో నా బొటనవేలికి ముందే తెలుస్తుంది.

బయటపడింది బెత్తం. తేనెరంగు.
పలకలు పలకలుగా అంటించి,
మధ్యమధ్య సన్నటి రబ్బరు గీతలు.
ఎక్కడో వేడి అడవుల్లో చెట్లెక్కి పెరిగిన తీగట,
ఈ గాలికి నాకంటే అదే ఎక్కువ వణికినట్టుంది.

ముందు రొట్టెపిండి ముద్ద తీసుకుని నొక్కి చూశాను,
ఆటలో పట్టుకున్నట్టే, పట్టీ పట్టనట్టు.
అచ్చులు పడ్డాయి. మూడే.
చిటికెన వేలిది అసలు లేదు.
అది ఇన్నేళ్లూ గాల్లోనే ఉందన్నమాట,
జట్టులో పేరుండి మైదానానికి రాని మనిషిలా.

ఆకురాయి. పదిసార్లు రుద్దడం, ఆగి పట్టుకు చూడడం.
మళ్లీ పది.
కాహు, అక్క కొడుకు, తొమ్మిదేళ్లవాడు, లెక్కపెట్టాడు.
ఎనభై దాటాక వాడికి విసుగొచ్చింది, నాకు రాలేదు.
అక్కడే దెబ్బతిన్నాను.
రుద్దే చెయ్యి ఎప్పుడూ ఇంకొంచెం అనే అంటుంది,
తీసింది తిరిగి పెట్టలేమని
దానికెవరూ చెప్పలేదు.

ఒకపక్క రబ్బరు గీత తేలిపోయింది.
నొక్కితే పిడి జవజవలాడింది.
పిల్లాడి ముందు అనకూడని మాట ఒకటి అన్నాను.
"పిండితో అతికిద్దామా?" అన్నాడు వాడు.

పిండి కాదు గానీ, దారం ఉంది,
అన్నయ్య వలలకు వాడే మైనపు దారం.
జిగురు పూసి, వాడు బ్యాటు తిప్పుతుంటే
నేను దారం బిగబట్టి,
చుట్టు పక్కనే చుట్టు, సందు లేకుండా,
లోతున్న చోట రెండు వరసలు, మూడు.
పలచనైన చోటే ఇప్పుడు దళసరి.
కోడిగుడ్డులా కోలగా వస్తుందనుకున్నది
నుదుటి మీద బొప్పిలా ఓ పక్కకి లేచింది.

పట్టుకున్నాను.
ఆ బొప్పి మీదికే, సరిగ్గా అక్కడికే,
నా చిటికెన వేలు వచ్చి కూర్చుంది.

తెలివేం కాదు, చెప్పుకోవడానికి.
మోరాగ్ చేతికిస్తే "ఛీ, ఇదేం పిడి!" అంటుంది.
అననీ. ఆమె కత్తి నాకూ అంతే.

జిగురు ఆరాలని గోడకు ఆనించాను,
రాత్రి రెండుసార్లు లేచి చూశాను.
పిండి పారెయ్యడమెందుకని అలాగే కాల్చాను.
పొంగినా అచ్చులు పూర్తిగా పోలేదు.
పొద్దున్నే కాహు తిన్నాడు,
నా మూడు వేళ్ల గుంటల్లో వెన్న నింపుకుని.